ఓపీలో జరగవలసిన పరిశోధన



మా గురువుగారి పేరిట మాట్లాడమన్నప్పుడు, కొత్తగా వచ్చిన పెద్ద మందుల గురించి చెప్పమని కొందరు మిత్రులు అన్నారు. నిజమే, చర్మవైద్యంలో ఈ పదేళ్లలో వచ్చినన్ని మందులు మా చదువు రోజుల్లో ఊహించలేదు. 2022లో ఒక్క ఏడాదిలోనే అమెరికాలో పేనుకొరుకుడుకు బారిసిటినిబ్ మాత్ర, బొల్లికి రక్సోలిటినిబ్ పూత అనుమతి పొందాయి. వాటి గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. గురువుగారు మాత్రం ఉద్యోగకాలమంతా ప్రభుత్వాసుపత్రి ఓపీలో కూర్చున్న మనిషి. ఆ వరుసలో నిలబడేవాళ్లకు ఉండేవి తామర, గజ్జి, మొటిమలు, మంగు, చుండ్రు, జుట్టు రాలడం. కాబట్టి ఈ పూట వాటి గురించే మాట్లాడతాను. అందులోనూ ఎక్కువసేపు తామర దగ్గరే ఆగుతాను.

ఆయన మాకు మొట్టమొదట నేర్పిన పని తామర మచ్చ గీకడం. మచ్చ నడిమధ్యన గీకితే ఏమీ దొరకదు. అంచున, కాస్త ఉబ్బి పొలుసు లేచే చోట గీకాలి. ముందు స్పిరిట్‌తో తుడవాలి. పదును పోయిన బ్లేడు అంచుతో మెల్లగా గీకి, రాలిన పొలుసును స్లైడు మీదికి తీసుకుని, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి, పైన కవర్‌స్లిప్పు పెట్టి ఆగాలి. చర్మకణాలు మెత్తబడి పారదర్శకం కావడానికి పది ఇరవై నిమిషాలు పడుతుంది. తొందరపడి చూస్తే అంతా గజిబిజి. ఆగి, మైక్రోస్కోపు వెలుతురు తగ్గించి చూస్తే, కణాల హద్దుల్ని లెక్కచేయకుండా వాటికి అడ్డంగా సాగిపోతూ, అక్కడక్కడా కొమ్మలు చీలుతూ సన్నటి దారాలు కనబడతాయి. అదీ ఫంగస్. వంద మంది వరుసలో ఉన్నా సరే, స్లైడు చూడకుండా మందు రాస్తే ఆయన ఒప్పుకునేవారు కాదు. పరిశోధన అనేది ఆ క్రమశిక్షణలోంచే పుడుతుందని నేను నమ్ముతాను. ముందు జబ్బు అదేనని తేలాలి, తర్వాతే మందు పనిచేసిందా లేదా అన్న ప్రశ్న.

మేం చదువుకునే రోజుల్లో తామర అంటే విద్యార్థులు కూడా పెద్దగా పట్టించుకునేవారు కాదు. ఒకటి రెండు మచ్చలు, రెండు మూడు వారాల పూత, అంతటితో సరి. మరీ ఎక్కువైతే గ్రిసియోఫుల్విన్ మాత్రలు. 1939లో ఒక పెనిసీలియం బూజు నుంచి వేరుచేసిన పదార్థమది. 1958లో గినీపందుల మీద ప్రయోగాల్లో, నోటిద్వారా ఇచ్చినా చర్మపు ఫంగస్‌ను అణచగలదని తేలాక మనుషుల చికిత్సలోకి వచ్చింది. ఆ తర్వాత కొన్ని దశాబ్దాలకు టెర్బినఫిన్ వచ్చింది. ఫంగస్ తన కణపు పొరకు కావలసిన ఎర్గోస్టెరాల్‌ను తయారుచేసుకోవాలంటే స్క్వాలీన్ ఎపాక్సిడేజ్ అనే ఎంజైము కావాలి. టెర్బినఫిన్ ఆ ఎంజైమును పట్టుకుంటుంది. పొర కట్టదు, లోపల స్క్వాలీన్ పేరుకుంటుంది, ఫంగస్ చస్తుంది. చాలా ఏళ్లపాటు ఈ లెక్క తప్పలేదు.

ఇప్పటి ఓపీ చూడండి. నడుం చుట్టూ, తొడల మధ్య, పిరుదుల మీద, ముఖం మీద కూడా అరచేతులంత మచ్చలు. భర్తకుంది, భార్యకుంది, పాలు తాగే బిడ్డకూ ఉంది. నెలల తరబడి, కొందరికి ఏళ్ల తరబడి ఉంటోంది. తగ్గుతుంది, మళ్లీ లేస్తుంది. దేశమంతటా చర్మవైద్యులు ఈ మార్పును గమనించారు. పాత పుస్తకాల్లో ముందువరుసలో ఉండే ట్రైకోఫైటాన్ రుబ్రమ్ వెనక్కి వెళ్లి, మెంటాగ్రోఫైట్స్ కోవకు చెందిన ఫంగస్ ముందుకొచ్చింది. 2020లో జపాన్ పరిశోధకులు, భారత్ నుంచీ నేపాల్ నుంచీ వచ్చిన రోగుల నమూనాల్లో దాన్ని పరిశీలించి ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. దీనిలో చాలా నమూనాలకు టెర్బినఫిన్ పనిచేయదు. ఆ ఎంజైము అమైనో ఆమ్లాల గొలుసులో 397వ స్థానంలో ఫినైల్‌అలనీన్ పోయి ల్యూసీన్ వచ్చి చేరితే చాలు, మందుకు పట్టు దొరకదు. 2023లో న్యూయార్క్‌లో ఇద్దరిలో ఈ ఫంగస్ కనబడిందని అమెరికా ప్రభుత్వ సంస్థ ప్రకటించింది. ఆ ఇద్దరిలో ఒకరు ఆ మధ్యకాలంలో పరదేశం వెళ్లి వచ్చినవారు కూడా కాదు.

మందుకు లొంగని ఫంగస్ ఇంతగా ఎందుకు పాకిందో ఒక్క కారణంతో తేల్చలేం. వేడి, చెమట, బిగుతు బట్టలు, ఒకే తువ్వాలు ఇంటిల్లిపాదీ వాడడం, సగంలో ఆపేసిన మాత్రలు, అన్నీ ఉన్నాయి. కానీ ఓపీలో రోగి జేబులోంచి తీసి బల్ల మీద పెట్టే ట్యూబును చూస్తే, చూపు అక్కడే ఆగిపోతుంది. సగం పిండేసి, అడుగునుంచి చుట్టచుట్టిన ట్యూబు. పేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. లోపలున్నవాటి పేర్లు భూతద్దం పెడితే గాని చదవలేని అక్షరాల్లో: క్లోబెటసాల్, ఆఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్, టెర్బినఫిన్. ఒక ఫంగస్ మందు, రెండు బ్యాక్టీరియా మందులు, పైన చర్మం మీద వాడే స్టెరాయిడ్లలోకెల్లా ఘాటైనది ఒకటి. "ఎవరిచ్చారమ్మా?" అంటే "మెడికల్ షాపులో అడిగితే ఇచ్చారు సార్. రెండ్రోజుల్లో దురద కట్టేసింది. మానేస్తే మళ్లీ ఎగబాకింది" అంటారు.

ఆ తల్లి చెప్పింది అక్షరాలా నిజం. దురద కట్టేస్తుంది. స్టెరాయిడ్ చేసే పనే అది. చర్మం ఫంగస్ మీద చేస్తున్న పోరాటమే మనకు ఎరుపుగా, దురదగా, పొలుసుగా కనబడుతుంది. స్టెరాయిడ్ ఆ పోరాటాన్ని ఆపుతుంది గాని ఫంగస్‌ను ఆపదు. ఎదురులేని ఫంగస్ నింపాదిగా విస్తరిస్తుంది. అంచు చెదిరిపోతుంది, వలయం లోపల ఇంకో వలయం పుడుతుంది. జబ్బు జబ్బులా కనబడదు. తొడల లోపలివైపు చర్మం పల్చబడి, గర్భిణి పొట్టమీది చారల్లాంటి చారలు పడతాయి. ఫంగస్ తగ్గినా ఆ చారలు పోవు. పద్దెనిమిదేళ్ల కుర్రవాడి తొడల మీద వాటిని చూసినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. ఆ కోపాన్ని దాచుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు.

1952లో న్యూయార్క్‌లో సల్జ్‌బర్గర్, విట్టెన్ అనే ఇద్దరు వైద్యులు హైడ్రోకార్టిసోన్‌ను పూతగా వాడి ఫలితం చూపించారు. చర్మవైద్యంలో అదొక మలుపు. తామరకు ఏ వ్యాధి పోలికైతే ఉందో ఆ ఎగ్జిమాకు, సోరియాసిస్‌కు, లైకెన్ ప్లానస్‌కు స్టెరాయిడ్ పూత లేకుండా ఈ రోజుకీ మాకు గడవదు. మందులో దోషం లేదు. మన దేశంలో చాలాకాలం పాటు ఆ పూతలు డాక్టరు చీటీ లేకుండా దొరకడంలో ఉంది దోషం. ముఖం మీద వాటి వాడకం గురించి దేశంలోని పలు చర్మవైద్య కేంద్రాలు కలిసి చేసిన అధ్యయనం 2011లో వచ్చింది. ముఖం మీద సమస్యతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే 433 మంది అప్పటికే స్టెరాయిడ్ పూస్తున్నారు. వారిలో నూటికి తొంభై మందికి ఏదో ఒక చెడు ఫలితం కనబడింది. సగం కంటే ఎక్కువమందికి ఆ పూత సూచించింది డాక్టరే కాదు. స్నేహితురాలు, బ్యూటీ పార్లర్, మందుల షాపు. తెల్లబడాలన్న ఆశతో మొదలైన పూత మానేస్తే ముఖం మండి ఎర్రబడుతుంది, మొటిమలు ఎగదన్నుతాయి, దానికి భయపడి మళ్లీ పూస్తారు. ఈ పరిస్థితికి మన వైద్యులే ఒక పేరు పెట్టి ప్రపంచానికి తెలియజేశారు. చర్మవైద్యుల సంఘం ప్రత్యేకంగా ఒక దళం పెట్టుకుని ప్రభుత్వం వెంటపడింది. 2018 మార్చిలో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పూతలను చీటీ ఉంటేనే అమ్మాలన్న షెడ్యూల్ హెచ్ పరిధిలోకి తెచ్చింది. ఆ సెప్టెంబరులో 328 మిశ్రమ మందులను నిషేధించింది, వాటిలో నేను చెప్పిన ట్యూబులాంటివీ ఉన్నాయి. క్లినికల్ పరిశోధన చట్టాన్ని కదిలించగలదని చెప్పడానికి ఇది మంచి ఉదాహరణ. షాపు కౌంటర్ దగ్గర అది ఎంతవరకు అమలవుతోందో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

సరే, ఇప్పుడు తామరతో వచ్చిన మనిషికి ఏం ఇవ్వాలి? ఈ ప్రశ్నకు విదేశీ పుస్తకంలో జవాబు దొరకదు, ఎందుకంటే ఆ పుస్తకం రాసిననాటి ఫంగస్ వేరు, చర్మం వేరు, ఎండ వేరు. వారణాసిలోని బనారస్ హిందూ విశ్వవిద్యాలయం చర్మవైద్య విభాగం వారు ఈ ప్రశ్నను నేరుగా ఎదుర్కొన్నారు. 2020లో అచ్చయిన వారి ట్రయల్ మీరంతా చదవాలని కోరుతున్నాను. తామరతో వచ్చిన 200 మందిని లాటరీ పద్ధతిలో నాలుగు గుంపులుగా చేశారు. ఒక్కో గుంపులో 50 మంది. ఒక గుంపుకు ఫ్లూకొనజోల్, ఒకదానికి గ్రిసియోఫుల్విన్, ఒకదానికి ఇట్రాకొనజోల్, ఒకదానికి టెర్బినఫిన్. నాలుగు వారాలకు చూస్తే ఏ గుంపులోనూ నూటికి ఎనిమిది మందికి మించి నయం కాలేదు. ఎనిమిది వారాలకు ఇట్రాకొనజోల్ తీసుకున్నవారిలో 33 మందికి నయమైంది. ఫ్లూకొనజోల్ గుంపులో 21 మందికి, టెర్బినఫిన్ గుంపులో 14 మందికి, గ్రిసియోఫుల్విన్ గుంపులో ఏడుగురికే.

ఈ అంకెల దగ్గర కాసేపు ఆగుదాం. అన్నిటికంటే మెరుగైన మందు ఎనిమిది వారాలు వాడినా ముగ్గురిలో ఒకరికి నయం కాలేదు. మనం చదువుకున్న "రెండు వారాలు చాలు" అన్న మాట ఇక చెల్లదు. మనలో ఎంతమంది ఇంకా రెండు వారాలకే రాస్తున్నాం? తగ్గకపోతే "నువ్వు సరిగ్గా వాడలేదు" అని రోగి మీద ఎంతమందిమి నెపం వేస్తున్నాం? ఇట్రాకొనజోల్ గుళిక అన్నం తిన్నాక మింగాలి, కడుపులో ఆమ్లం ఉంటేనే అది ఒంటికి పడుతుంది. గ్యాస్ మాత్ర కలిపి వాడితే సగానికి సగం వృథా. మన రోగుల్లో పరగడుపున గ్యాస్ మాత్ర వేసుకోనివాళ్లు ఎంతమంది ఉన్నారు? చీటీ రాసేటప్పుడు ఆ ఒక్క ప్రశ్న అడగడానికి అర నిమిషం చాలు.

ఆ ట్రయల్ నాకు నచ్చడానికి ఇంకో కారణం ఉంది. ఖరీదైన యంత్రం లేదు, కొత్త మందు లేదు. మన ఓపీల్లో రోజూ రాసే నాలుగు మందుల్ని పక్కపక్కన పెట్టి, ఏది ఎంత పనిచేస్తుందో నిజాయితీగా లెక్కకట్టారు. అంతే. ఆ పని మన జిల్లా వైద్య కళాశాలల్లో ఏదైనా చేయగలదు.

దీని పక్కన జుట్టు సంగతి పెట్టి చూస్తాను. రక్తపోటుకు ఇచ్చిన మినాక్సిడిల్ మాత్ర వల్ల ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి దాన్ని తలకు పూసే ద్రావణంగా మార్చారు. అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. డొమినికన్ రిపబ్లిక్‌లో పుట్టుకతోనే ఒక ఎంజైము కొరవడిన కుటుంబాలను పరిశీలించి 1974లో ప్రచురించిన పరిశోధన, ఆ ఎంజైమును ఆపే ఫినాస్టెరైడ్‌కు దారి చూపింది. 1998లో వచ్చిన ఫినాస్టెరైడ్ ట్రయల్‌లో 1,553 మంది మగవాళ్లున్నారు. నడినెత్తి మీద ఒక అంగుళం వలయం గుర్తుపెట్టి, ఫొటో తీసి, అందులోని వెంట్రుకల్ని ఒక్కొక్కటిగా లెక్కపెట్టారు. మొదట సగటున 876 ఉన్నాయి. ఉత్తి మాత్ర మింగినవారితో పోలిస్తే ఏడాదికి 107, రెండేళ్లకు 138 వెంట్రుకలు ఎక్కువ తేలాయి. ఎంత శ్రద్ధ! ఆ శ్రద్ధను నేను తప్పుపట్టడం లేదు, బట్టతల వల్ల కుంగిపోయి పెళ్లిచూపులకు వెళ్లడం మానేసిన కుర్రాళ్లను చూశాను. జుట్టు మీద పెట్టిన ఆ శ్రద్ధలో పదో వంతైనా, కోట్లాదిమందిని రాత్రిళ్లు నిద్రపోనివ్వని తామర మీద ఎందుకు పెట్టలేదన్నదే నా బాధ. తామర వచ్చే మనిషి ఎక్కువగా ఇటుకబట్టీలోనో, వంటింట్లో పొయ్యి దగ్గరో, లారీ క్యాబిన్‌లోనో ఉంటాడు. అతని కోసం పాత చవక మందుల మీద ట్రయల్ నడిపితే ఏ కంపెనీకీ లాభం లేదు. కాబట్టి ఆ పని ప్రభుత్వ కళాశాలలే చేయాలి.

మందుల పుట్టుక గురించి మాట్లాడుతూ మన యల్లాప్రగడ సుబ్బారావుగారిని తలచుకోకుండా ఉండలేను. భీమవరంలో పుట్టి, అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల్లో ఆయన నడిపిన పరిశోధనలోంచి అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ వచ్చాయి. క్యాన్సర్ కోసం పుట్టిన మందులవి. 1951లో గుబ్నర్ అనే వైద్యుడూ ఆయన సహచరులూ కీళ్లవాతానికి అమినోప్టెరిన్ ఇస్తుంటే ఒక రోగికి సోరియాసిస్ పొలుసులు రాలిపోయాయి. గమనించే కళ్లుండబట్టి అది పరిశోధన అయింది. సుబ్బారావుగారు 1948లోనే వెళ్లిపోయారు, ఇది చూడలేదు. ఇంజెక్షన్లు కొనలేని సోరియాసిస్ రోగికి ఇప్పటికీ మెథోట్రెక్సేటే ఆధారం. వారానికి ఒక్కరోజే వేసుకోవలసిన ఆ మాత్రను పొరబాటున రోజూ వేసుకుని నోరంతా పుండ్లతో, రక్తకణాలు పడిపోయి వచ్చినవారిని మేం చూశాం. చీటీ మీద వారం పేరు తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయండి. ఇక్కడున్న పిల్లలంతా ఈ ఒక్కటి గుర్తుపెట్టుకున్నా నాకు చాలు.

ఇక గజ్జి. సంక్షేమ హాస్టళ్లలో వైద్య శిబిరాలకు వెళ్లిన ప్రతి ఒక్కరికీ ఆ వేళ్ల సందుల గీతలు తెలుసు. ఒక పిల్లవాడికి మందు పూసి పంపితే, పక్క దుప్పటిలోంచి మళ్లీ అంటుకుంటుంది. ఫిజీ దీవుల్లో చేసి 2015లో ప్రచురించిన ట్రయల్ దీనికి దారి చూపింది. కొన్ని దీవుల్లో గజ్జి ఉన్నవారికీ వారితో మెలిగేవారికీ మామూలు చికిత్స ఇచ్చారు. కొన్నిచోట్ల జబ్బున్నా లేకపోయినా అందరికీ పెర్మెత్రిన్ పూత. మరికొన్నిచోట్ల అందరికీ ఐవర్‌మెక్టిన్ మాత్ర. ఏడాది తర్వాత చూస్తే ఐవర్‌మెక్టిన్ చోట గజ్జి 32.1 శాతం నుంచి 1.9 శాతానికి పడిపోయింది. పెర్మెత్రిన్ చోట 41.7 నుంచి 15.8కి, మామూలు చికిత్స చోట 36.6 నుంచి 18.8కి తగ్గింది. రోగిని కాకుండా ఊరిని లెక్కలోకి తీసుకున్నందుకే ఈ జవాబు దొరికింది.

అయితే హాస్టల్ పిల్లల మీద ట్రయల్ అనగానే మన తెలుగునేల మీద జరిగింది గుర్తుకు రావాలి. 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనంలో, తల్లిదండ్రుల బదులు వార్డెన్లూ హెడ్మాస్టర్లూ సంతకాలు చేసిన ఉదంతాలు బయటపడ్డాయి. 2010లో ఆ పని నిలిపివేశారు. చర్మవైద్య చరిత్రలో అంతకంటే పెద్ద మచ్చే ఉంది. మొటిమలకు రెటినోయిక్ ఆమ్లం వాడకాన్ని తెచ్చిన క్లిగ్‌మన్, ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైలులో ఖైదీల వీపుల మీద ఏళ్ల తరబడి పదార్థాలు పూసి చూశారు. ఆయన పేరుమీదున్న మంగు మిశ్రమాన్ని మేం ఇప్పటికీ మార్పులతో రాస్తున్నాం. ఆ మందులనూ ఆ జైలునూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి. మన దేశంలో 2009 జూన్ నుంచి ప్రతి ట్రయల్‌నూ ముందుగా జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయడం తప్పనిసరి అయింది. మంచిది. కానీ రోగి చేతికిచ్చే సమ్మతి పత్రంలోని తెలుగు, చదువుకున్న నాకే రెండుసార్లు చదివితే గాని అర్థం కావడం లేదు. కూలిపని మానుకుని వచ్చినావిడ వేలిముద్ర వేసి ఇస్తుంది. అది సమ్మతి అని నేను అనలేను. ఆ పత్రాన్ని ఓపీలో మాట్లాడే తెలుగులో రాసి, చదివి వినిపించి, "ఏం అర్థమైంది, చెప్పమ్మా" అని తిరిగి అడగాలి.

ఇంకో మాట. విదేశీ ట్రయళ్లలో ఎరుపు ఎంత తగ్గిందో మార్కులేస్తారు. మన చర్మం మీద ఎరుపు తరచు నల్లగానో ఊదాగానో కనబడుతుంది, తేలిగ్గా దాటిపోతుంది. మన రోగి అడిగేదేమో "మచ్చ పోతుందా సార్?" అని. మొటిమ తగ్గాక ఆరునెలలు నిలిచే నల్లమచ్చ అతనికి మొటిమకంటే పెద్ద జబ్బు. రోగి అడిగేది కొలవని ట్రయల్ ఎంత పెద్ద పత్రికలో వచ్చినా నాకు సగమే పనికొస్తుంది.

చివరగా ఒక ప్రతిపాదన. తామరతో వచ్చిన రోగికి ఒక్కడికే మందు ఇవ్వాలా, ఇంట్లో మచ్చలున్న అందరినీ పిలిపించి ఒకేసారి ఇవ్వాలా? మనమంతా రెండోదే మంచిదని నోటితో చెబుతాం. లాటరీ వేసి తేల్చి చూద్దాం. నాలుగు జిల్లాల ఆసుపత్రులు, ప్రతి రోగికీ మొదట స్లైడు, ఎనిమిది వారాల మందు, ఆ తర్వాత ఆరు నెలలకు మళ్లీ స్లైడు. తిరగబెట్టిందా, ఎన్ని రోజుల కూలి పోయింది, ఎంత డబ్బు ఖర్చయింది. ఈ మూడూ రాసుకోవాలి. ఫలితం మన అంచనాకు విరుద్ధంగా వచ్చినా అచ్చు వేయాలి. మందులు ఆసుపత్రి ఫార్మసీలో ఉన్నవే. మైక్రోస్కోపులు ఉన్నాయి. లేనిదల్లా, ఆరు నెలల తర్వాత రాని రోగి ఇంటికి వెళ్లి వెతికి పట్టుకొచ్చే మనిషి, ఆ మనిషికి జీతం, బస్సు ఛార్జీలు. గురువుగారి పేరిట ఉన్న ఈ ధర్మనిధి మీద ఏటా వచ్చే వడ్డీలో కొంత అందుకు కేటాయించే విషయం కమిటీవారు ఆలోచించాలని కోరుతున్నాను. ప్రణాళిక ముసాయిదా, ఓపీ తెలుగులో రాసిన సమ్మతి పత్రం నా దగ్గర సిద్ధంగా ఉన్నాయి. సభ అయ్యాక చూసి, ఎక్కడ మార్చాలో చెప్పండి.